కాలనీలో పిల్లుల బెడద: కొట్టకుండా, సంచిలో కట్టకుండా తగ్గించుకోవడం ఎలా?

తెల్లవారి ఐదున్నరకు పాలబ్బాయి తలుపు గడియకు తగిలించిన సంచిలో ప్యాకెట్లు వేసి వెళ్తాడు. ఆరింటికి మీరు తలుపు తీసేసరికి పాలు మెట్ల మీదుగా కింది అంతస్తు దాకా కారి ఉంటాయి. కింది ఇంటావిడ చీపురు పట్టుకుని మీ వంక చూస్తుంటుంది. మీ ఇంట్లో పిల్లే లేదు, అయినా మాట పడేది మీరే.

పాల ప్యాకెట్ ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. స్కూటీ సీటు మీద గోళ్ల గీతలు, నిన్న నాటిన మెంతుల మడిలో గుంత, దాని పక్కన కంపు, అర్ధరాత్రి పసిపిల్ల ఏడుస్తున్నట్టు అరుపులు, అటక మీద కూనలు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారానికోసారి ఇదే పంచాయితీ. సగం మంది "పట్టించి పంపేయండి" అంటారు, మిగతా సగం "పాపం నోరులేని జీవాలు" అంటారు. చివరికి ఎవరూ ఏమీ చేయరు.

ఈ విషయం రాయడానికి నాకున్న అర్హత, తప్పులన్నీ ముందే చేసి ఉండటం. కొన్నేళ్ల కిందట నేనూ మా వాచ్‌మనూ కలిసి ఒక పిల్లిని గోనెసంచిలో పట్టి, స్కూటర్ మీద నాలుగు కిలోమీటర్లు తీసుకెళ్లి, ఒక ఫంక్షన్ హాలు వెనక వదిలి వచ్చాం. తిండికి లోటుండదు కదా అని సమాధానం చెప్పుకున్నాం. ఆ రాత్రి నుంచి మెట్ల కింద పాత బీరువా వెనక సన్నటి అరుపులు మొదలయ్యాయి. మేం వదిలి వచ్చింది తల్లిని. మూడు కూనలు, ఇంకా కళ్లు తెరవలేదు. రెండు బతకలేదు. మూడోదాన్ని రెండో అంతస్తు పిన్నిగారు పశువుల డాక్టరును అడిగి, పిల్లికూనల పాలపొడి తెప్పించి, సిరంజితో పట్టి నిలబెట్టింది. ఇంకో పదిహేను రోజులకు ఎక్కడివో రెండు గండుపిల్లులు దిగాయి. ఖాళీ అయిన చోటు ఎవరిదో తేల్చుకోవడానికి మా నీళ్ల ట్యాంకు మీద వారం పాటు రాత్రంతా కొట్టుకున్నాయి.

అలా ఎందుకైందంటే, మేం పిల్లిని తీసేశాం గానీ అది దేనికోసం వచ్చిందో దాన్ని తీయలేదు. తిండీ, తలదాచుకునే చోటూ అలాగే ఉన్నాయి. ఒకటి పోతే ఆ చోటుకు ఇంకొకటి వస్తుంది. కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి, కాబట్టి ఆఖరి పని ముందు చేయకుండా వరసలో వెళ్లండి.

1. ముందు వారం రోజులు ఊరికే చూడండి

ఒక కాగితం మీద మూడు గడులు గీసుకోండి: ఏ పిల్లి, ఎన్నింటికి, ఎక్కడ. "కాలనీ నిండా పిల్లులే" అనుకున్నది లెక్కపెడితే చాలాసార్లు నాలుగో ఐదో తేలుతుంది. మాకు గ్రూపులో చెప్పుకున్న లెక్క పదిహేను, కాగితం మీద తేలింది ఆరు.

ఆడా మగా గుర్తుపట్టడం పెద్ద కష్టమేం కాదు. గండుపిల్లికి బుగ్గలు ఉబ్బి తల పెద్దగా కనిపిస్తుంది, మొహం మీద పాత గాట్లు ఉంటాయి. గోడకు వెనక్కి తిరిగి, తోక నిటారుగా లేపి వణికిస్తూ చిమ్మిందంటే అది తన హద్దు రాసుకుంటున్నట్టు. నలుపు, తెలుపు, నారింజ మూడు రంగులూ కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. మొత్తం నారింజ రంగుదైతే మగది కావడానికే అవకాశం ఎక్కువ. ఆడపిల్లి పొట్ట కింద చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు ఊడి కనిపిస్తే పాలిస్తోందని అర్థం. ఎక్కడో కూనలున్నాయి, దాన్ని ఇప్పుడు కదపకూడదు.

చెవులు కూడా చూడండి. ఎడమ చెవి కొస కత్తిరించినట్టు తిన్నగా ఉంటే దానికి ఇప్పటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

అది పెంపుడు పిల్లేమో అని అనుమానం వస్తే చిన్న కిటుకు ఉంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెతే గానీ, కాగితం కట్టడం తేలికే. దగ్గరికి వచ్చే పిల్లి అయితే, లాగితే ఊడిపోయేలా పల్చటి కాగితం పట్టీని వదులుగా చుట్టి "ఈ పిల్లి మీదేనా? ఫలానా ఫ్లాటుకు చెప్పండి" అని రాయండి. సొంతదారు ఉంటే రెండు రోజుల్లో తెలుస్తుంది. ఎవరూ పలకకపోతే వీధిదే అనుకోవచ్చు. దారం మాత్రం కట్టకండి, ఎక్కడైనా చిక్కుకుంటే ఉరి అవుతుంది.

రాత్రి పైకప్పు మీద ధనధనా పరుగు వినిపించి, పొద్దున్న పళ్ల గింజలున్న రెట్టలు కనిపిస్తే అది పిల్లి కాకపోవచ్చు. చెట్లు ఎక్కువున్న పాత పేటల్లో మానుపిల్లి తిరుగుతుంది. పేరులో పిల్లి ఉందిగానీ పిల్లి జాతి కాదు, పునుగుపిల్లికి చుట్టం. రెండూ 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. వాటి విషయం అటవీ శాఖకు చెప్పాలి, మీరు పట్టడానికి దిగకూడదు.

2. తిండి దారులు మూయండి

మన పెద్దవాళ్లు పిల్లిని తరమలేదు, ఉట్టి కట్టారు. పిల్లి శాపాలకు ఉట్టి తెగదన్న మాట అందులోంచి వచ్చిందే. పాలకు ఇప్పుడు చేయాల్సిందీ అదే: గుడ్డ సంచి తీసేసి, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బానో ప్లాస్టిక్ బకెట్టో గుమ్మం పక్కన పెట్టి, ప్యాకెట్లు వేసి మూత పెట్టమని పాలబ్బాయికి చెప్పండి. రెండు రోజులు మర్చిపోతాడు. మూడో రోజు నుంచి అలవాటు పడతాడు.

అసలు విందు తడిచెత్త దగ్గర జరుగుతుంది. రాత్రి చికెన్ ఎముకలు కవర్లో కట్టి బయట పెట్టి, పొద్దున చెత్త ఆటో వచ్చేదాకా వదిలేస్తే పిల్లికి, కుక్కకు, ఎలుకకు మీరే భోజనం పెట్టినట్టు. మాంసం, చేపల వ్యర్థాలు ఉన్న రోజు వాటిని విడిగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టి, ఆటో వచ్చే వేళకే బయటికి తీయండి. మొదట వినగానే మా ఇంట్లో అందరూ మొహం చిట్లించారు. ఇప్పుడు అదే అలవాటు. ఫ్రీజర్లో చోటు లేకపోతే గట్టి మూత బకెట్, దాని మీద ఒక ఇటుక.

మిద్దెతోట ఉన్నవాళ్లు ఇక్కడ కొంచెం ఆగండి. చేపలు కడిగిన నీళ్లు కరివేపాకుకు, గులాబీలకు పోస్తున్నారా? చేపల బెల్లం కషాయం చల్లుతున్నారా? ఎముకల పొడి కలుపుతున్నారా? అవి మొక్కకు మంచివే, కానీ పిల్లి ముక్కుకు ఆ కుండీ చేపల మార్కెట్ లాంటిది. పిల్లి తవ్వుతోంది అని ఫిర్యాదు చేసేవాళ్లలో సగం మంది కుండీలు ఇలాంటివే ఉంటాయని నా అనుమానం. ఆ ఎరువులు వేసిన రోజు పైన రెండు అంగుళాల పొడి మట్టి కప్పి, నెట్ వేయండి. లేదా కొన్ని నెలలు వర్మీకంపోస్టుతో సరిపెట్టుకోండి.

వీధి చివర చికెన్ షాపు ఉంటే, ఆ ఈకలూ పేగులూ ఎక్కడ పారేస్తున్నారో ఒకసారి చూడండి. ఖాళీ ప్లాటులో పడేస్తుంటే ఇంట్లో మీరు ఎంత మూసినా లాభం లేదు. ఒక్కరు వెళ్తే గొడవ అవుతుంది, నలుగురు వెళ్తే మాట అవుతుంది. అప్పటికీ వినకపోతే మున్సిపాలిటీ శానిటేషన్ వాళ్లకు ఫొటోతో ఫిర్యాదు పెట్టండి.

3. దాక్కునే చోట్లు మూయండి, కానీ ఖాళీ అని తేలాకే

చూడాల్సిన చోట్లు: అటక, మెట్ల కింది అర, కరెంట్ మీటర్ల గది, బాత్‌రూముల వెనక పైపులు దిగే డక్ట్, లిఫ్ట్ గది, ఓవర్‌హెడ్ ట్యాంకు కింది సందు, కవర్ కప్పి నెలల తరబడి కదలని కార్లు. పిల్లి తల దూరితే ఒళ్లంతా దూరుతుంది కాబట్టి మూడు నాలుగు అంగుళాల కన్నం కూడా దానికి తలుపే.

మూసే ముందు ఆ కన్నం దగ్గర సాయంత్రం కొంచెం బియ్యప్పిండి పల్చగా చల్లండి. పొద్దున అడుగులు లోపలికి వెళ్లి, బయటికి రాకపోతే లోపల ఉంది. రెండు రాత్రులు అడుగే పడకపోతే, టార్చ్ వేసి మరోసారి చూసి అప్పుడు మూయండి. చూడకుండా మూస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మా పక్క బ్లాకులో డక్ట్‌కు మెష్ కొట్టిన మూడో రోజున వాసన మొదలైంది. మేస్త్రీకి ఇచ్చిన డబ్బుకు రెట్టింపు, దాన్ని మళ్లీ ఊడదీయడానికి అయింది.

మూయడానికి కోళ్ల జాలీ వంగిపోతుంది. వెల్డ్ మెష్ వాడి, చుట్టూ స్క్రూలతో బిగించండి. కిటికీలకు, బాల్కనీలకు పావురాల నైలాన్ నెట్ చాలావరకు పనికొస్తుంది, కానీ కింది అంచు వదులుగా ఉంటే పిల్లి దాన్ని ఎత్తుకుని వచ్చేస్తుంది.

కూనలు కనపడితే? చెయ్యి పెట్టకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు. చోటు నచ్చకపోతే తల్లే ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని వెళ్లిపోతుంది. నచ్చకుండా చేయడం మీ పని: ఆ అటకలో రాత్రంతా లైటు వేసి ఉంచండి, పక్కనే రేడియో పెట్టండి. అదే సమయంలో వాన పడని మూల, జనం తిరగని చోట, పాత చీర పరిచిన అట్టపెట్టె ఒకటి పెట్టండి. ఎక్కువసార్లు రెండు మూడు రోజుల్లో ఇల్లు మారుస్తుంది. మారకపోతే నాలుగైదు వారాలు ఓపిక పట్టండి. అప్పటికి కూనలు తిండి తినడం మొదలుపెడతాయి, ఇల్లు వెతికి ఇవ్వడానికీ ఎనిమిది వారాల వయసు బాగుంటుంది. పిల్లిని చూసి పరుగెత్తి వచ్చే పిల్లలు ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. వాళ్ల అమ్మల్ని ఒప్పించడమే అసలు కష్టం.

కారు తీసే ముందు, ముఖ్యంగా వానల్లో, చలిలో, బానెట్ మీద రెండుసార్లు చేత్తో చరచండి. వెచ్చగా ఉంటుందని ఇంజిన్ మీద పడుకుంటాయి.

4. కుండీలు, ఇసుక, బండి సీటు

పిల్లికి మెత్తగా, పొడిగా, తవ్వితే పూడ్చడానికి వీలుగా ఉండే మట్టి కావాలి. మీరు కోకోపీట్ కలిపి సిద్ధం చేసిన మడి సరిగ్గా అలాంటిదే. నేల కనపడకుండా చేస్తే సగం పని అయిపోతుంది. గుప్పెడు పెద్ద గులకరాళ్లు పరచండి, లేదా కొబ్బరి చిప్పల ముక్కలు. విత్తనం వేసిన మడి మీద నెట్ పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి, మొలక నాలుగంగుళాలు లేచాక తీసేయవచ్చు. కాగితంపూల కొమ్మలు, నిమ్మ కొమ్మలు అడ్డంగా పరిచినా అడుగు పెట్టదు.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. మన కుండీల్లో తనంతట తానే మొలిచే కుప్పింటాకు మొక్క వేరంటే పిల్లులకు పిచ్చి. దాన్ని పీకినప్పుడు వేరు అక్కడే పడేస్తే, ఆ రాత్రికి మీ టెర్రస్ మీద పిల్లులు దొర్లుతాయి. పీకిన మొక్కను వేరుతో సహా కవర్లో కట్టి బయటికి పంపండి.

బత్తాయి, కమలా తొక్కలు పనిచేస్తాయి, కానీ వాసన ఉన్నన్నాళ్లే. మన ఎండకు రెండు రోజుల్లో ఎండి అట్టలైపోతాయి. ఓపిక ఉంటే మార్చుకుంటూ ఉండండి. పక్కింటివాళ్లు ఇల్లు కడుతూ ఇసుక కుప్ప పోస్తే మొత్తం వీధి పిల్లులకు అదే మరుగుదొడ్డి. రాత్రిపూట పట్టా కప్పమని మేస్త్రీని అడగండి. అన్నీ చేశాక కూడా మీ తోటకే వస్తుంటే, ఎవరూ వాడని మూలలో రెండడుగుల ఇసుక మడి మీరే పెట్టేయడం తెలివైన పని. వారానికోసారి పైది తీసి పారేస్తే చాలు, మిగతా కుండీలు బతుకుతాయి.

గర్భిణులు ఈ మట్టి పనికి దూరంగా ఉండటం మంచిది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండవచ్చు, అది కడుపులో బిడ్డకు ప్రమాదం. తప్పకపోతే గ్లౌజులు వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కుండీలో కాసిన ఆకుకూర కూడా బాగా కడిగాకే వండాలి.

బండి సీటుకు మాత్రం మందు లేదు, కవరే. మందపాటిది కొనండి.

5. చిమ్మిన వాసన పోవాలంటే

ఆ వాసన మిగిలితే పిల్లి అక్కడికే మళ్లీ వస్తుంది, కాబట్టి ఇది శుభ్రతకు మాత్రమే సంబంధించింది కాదు. ముందు మామూలు నీళ్లతో, సబ్బుతో కడిగి ఆరనివ్వండి. తర్వాత పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద చెప్పినంత సేపు వదిలేయండి. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడిచినా బాగానే పోతుంది, కానీ గ్రానైటు, విట్రిఫైడ్ టైల్స్ మీద మాత్రమే. షాబాదు, తాండూరు, కడప బండలు సున్నపురాయి జాతివి, మార్బుల్ కూడా అంతే. వెనిగర్, నిమ్మరసం పడితే మెరుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది. మా వరండాలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, వచ్చినవాళ్లందరికీ పిల్లి చేసిందనే చెబుతాను.

బ్లీచింగ్ వద్దు. పిల్లి మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరికి చేటు చేసే వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలే వద్దు, పిల్లికి అది ఇంకో పిల్లి చిమ్మినట్టే తోస్తుంది. ఫినాయిల్ పోసిన నేల మీద నడిచి, కాళ్లు నాకితే పిల్లికి విషం. దాని కాలేయం అలాంటి మందులను మనలా అరగదీయలేదు.

6. ఇవి చేయకండి

కలరా ఉండలు చల్లడం చాలా ఇళ్లలో చూస్తాను. పిల్లికి విషమే, దానికన్నా ముందు మీ ఇంట్లో పాకే పసివాడు నోట్లో పెట్టుకునే అవకాశం ఎక్కువ. కారప్పొడి కళ్లకూ పాదాలకూ మంట పెడుతుంది, ఒక్క వానకు కొట్టుకుపోతుంది. ఎలుకల మందు కలిపిన అన్నం ఎవరు తింటారో మీ చేతిలో లేదు, కాకి తిన్నా కుక్క తిన్నా శవం మీ గుమ్మం ముందే. నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు గేటుకు కట్టడం వల్ల హాని లేదు, ప్రయోజనమూ లేదు. ఆ సీసాకు ఆనుకుని నిద్రపోతున్న పిల్లిని నేనే ఫొటో తీశాను. మనకు వినపడని శబ్దం చేసే డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. పిల్లులు మొదటి నాలుగు రోజులు తటపటాయించాయి, తర్వాత దాని మీదే కూర్చున్నాయి.

కొట్టడం, విషం పెట్టడం నేరం కూడా. 1960 జంతు హింస నివారణ చట్టంలో జరిమానా చాలా చిన్నది, అందుకే ఎవరూ లెక్కచేయరు. కానీ జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాలు దొంగలనే చూడవు.

తరమాలంటే నీళ్ల పైపు చాలు. ఒక్క చిమ్ము, అదీ ఒంటి మీద కాదు, పక్కన.

7. తిండి పెట్టేవాళ్లతో మాట్లాడండి

ప్రతి కాలనీలో ఒకరుంటారు. మాకు రెండో అంతస్తు పిన్నిగారు. పెరుగన్నం కలిపి మూడు చోట్ల పెట్టేది, మిగిలింది ఈగలు ముసిరేది. అసోసియేషన్ మీటింగులో నలుగురూ ఒక్కసారి ఆవిడ మీద పడ్డారు. ఆవిడ లేచి వెళ్లిపోయింది, మర్నాటి నుంచి రాత్రి పదకొండుకు దొంగచాటుగా ఐదు చోట్ల పెట్టడం మొదలుపెట్టింది.

అందుకే గ్రూపులో రాయకండి. ఒక్కరే వెళ్లండి, ఇంట్లోకి వెళ్లి కూర్చోండి. నేను వెళ్లినప్పుడు "పిన్నిగారూ, పెట్టొద్దని చెప్పడానికి రాలేదండీ, ఒకేచోట పెడతారా అని అడగడానికి వచ్చాను" అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఆ చోటేదో నువ్వే చూపించు బాబూ, మళ్లీ రేపు ఇంకొకరొచ్చి తిట్టకుండా" అంది.

కుదుర్చుకోవాల్సినవి ఇవి: పిల్లలు ఆడేచోట, మెట్ల దగ్గర, గేటు దగ్గర కాకుండా భవనం వెనక ఒకే చోటు, రోజుకు ఒకే వేళ, అరగంట తర్వాత పళ్లెం ఎత్తేయడం. పాలూ పెరుగన్నం మానిపించండి. పెద్ద పిల్లులకు పాలు చాలావరకు అరగవు, విరేచనాలు అవుతాయి, అది మీ కుండీలోనే తేలుతుంది. పొడి పిల్లి మేత పెడితే ఈగలు రావు. ఇదంతా నా సొంత తెలివి కాదు. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే, వీధి జంతువులకు తిండి పెట్టే చోటూ వేళా నివాసితుల సంఘం, పెట్టేవాళ్లు కలిసి ఖాయం చేసుకోవాలనీ, ఆ చోటు పిల్లల ఆట స్థలాలకు, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా ఉండాలనీ ఉంది. మీటింగులో ఎవరైనా ఎగిరితే ఈ మాట చెప్పండి.

తర్వాత చెప్పబోయే ఆపరేషన్ పని కూడా ఈవిడ లేకుండా జరగదు. పిల్లులు నమ్మేది ఆవిడనే, పట్టడానికి కావాల్సింది ఆ నమ్మకమే.

8. ఆపరేషన్ చేయించండి

రాత్రి అరుపులు, చిమ్మడం, పోట్లాటలు, కొత్త కూనలు, అన్నిటికీ మూలం ఒక్కటే. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు. మోసేది తొమ్మిది వారాలు, పెట్టేది మూడు నుంచి ఐదు కూనలు, అవి పాలు తాగుతుండగానే మళ్లీ కట్టవచ్చు. ఏడాదికి రెండు మూడు కాన్పులు. ఈ లెక్కకు ఏ మెష్షూ అడ్డం నిలవదు.

ముందు డాక్టరు, తర్వాత పిల్లి. చాలామంది తిరగేసి చేసి, ఆదివారం రాత్రి పట్టిన పిల్లిని బోనులో కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ ఫోన్లు చేస్తారు. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలు ఏళ్ల తరబడి ఈ రంగంలో ఉన్నాయి. మిగతా ఊళ్లలో ప్రభుత్వ పశువైద్యశాలలో, దగ్గరున్న ప్రైవేటు క్లినిక్‌లో కనుక్కోండి. అడగాల్సినవి: వీధి పిల్లికి ధర తగ్గిస్తారా, బోను అద్దెకో డిపాజిట్‌కో ఇస్తారా, ఎన్ని గంటలు కడుపు ఖాళీగా ఉండాలి, కరిగిపోయే కుట్లు వేస్తారా, మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేసి చెవి కొస తీస్తారా, ఆడపిల్లిని ఆ రాత్రి ఉంచుకుంటారా. చెవి కొస మర్చిపోకండి, లేకపోతే వచ్చే ఏడాది దాన్నే మళ్లీ పట్టుకొస్తారు.

ఖర్చు ఇళ్లవారీగా పంచుకోండి. మెయింటెనెన్స్ డబ్బులోంచి తీద్దామంటే ఏడాది చర్చ జరుగుతుంది. ఇష్టమున్న పది ఇళ్లు వేసుకుంటే వారంలో పని మొదలవుతుంది.

పట్టే విధానం ఇది. తలుపు పడే బోనును నాలుగైదు రోజుల ముందే తిండి పెట్టే చోటున పెట్టి, తలుపును తాడుతో పైకి కట్టేయండి. పిన్నిగారి పళ్లెం మొదట బోను పక్కన, మర్నాడు గుమ్మంలో, ఆ మర్నాడు లోపలి చివర. కింద పేపరు పరవండి, ఇనుప తీగల మీద నడవడం పిల్లికి ఇష్టం ఉండదు. పట్టే ముందురోజు ఎవరూ తిండి పెట్టకూడదు, ఎదురింటి వాళ్లతో సహా. సాయంత్రం చల్లబడ్డాక తాడు విప్పి, ఎండు మెత్తళ్లు కాస్త నీళ్లలో నానబెట్టి చివర పెట్టి, దూరంగా కూర్చోండి. వదిలేసి టీవీ చూడటానికి వెళ్లకండి. బోనులో పడ్డ పిల్లి భయంతో తల కొట్టుకుంటుంది. వెంటనే పాత దుప్పటి కప్పితే, చీకటి పడేసరికి నిమిషాల్లో కుదుటపడుతుంది. ఒక బోనులో ఒక్కటే. చూడటానికని తలుపు సందు తీయొద్దు, ఆ సందు చాలు దానికి.

వట్టి చేతుల్తో మాత్రం పట్టకండి. కరిచినా, గీరి రక్తం వచ్చినా, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. కుక్క కాటుకే గదా రేబిస్ అనుకుంటారు, పిల్లి కాటుకూ వస్తుంది, వచ్చాక మందు లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చేలా కరిచినా, గీరినా ఇంకో ఇంజెక్షన్ కూడా ఇస్తారు. పిల్లి పళ్లు సూదుల్లా ఉంటాయి, పైకి చుక్కంత కనిపించినా లోపల చీము పట్టేది ఎక్కువ. "గీత పడింది అంతే" అని వదిలేయకండి.

ఆపరేషన్ అయ్యాక పట్టిన చోటే వదలాలి. ఇక్కడే జనం పేచీ పెడతారు: "ఇంత ఖర్చుపెట్టి మళ్లీ ఇక్కడికేనా?" ఇక్కడికే. కాలనీలో తనకంటూ చోటున్న పిల్లి కొత్తవాటిని అంత తేలిగ్గా రానివ్వదు, పిల్లలు పెట్టదు, ఎలుకలు రాకుండా కాపలా ఉంటుంది. దాన్ని కూడా పంపేస్తే ఏమవుతుందో నా గోనెసంచి కథలో చెప్పాను.

మగదైతే మర్నాడే వదలవచ్చు. ఆడదాన్ని డాక్టరు చెప్పినన్ని రోజులు లోపల ఉంచాలి. పాలిచ్చే తల్లి అనుకోకుండా బోనులో పడితే, కూనలు ఎక్కడున్నాయో తేలేదాకా ఆపరేషన్‌కు పంపకండి, వదిలేయండి. కూనలు సొంతంగా తినే వయసొచ్చాక మళ్లీ పట్టుకోవచ్చు.

ఫలితం మర్నాటికే కనపడదు. గండుపిల్లి ఒంట్లోంచి ఆ హార్మోన్లు పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా చిమ్ముతూనే ఉంటుంది. గ్రూపులో "డబ్బు దండగ" అని మెసేజ్ వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. మాకు ఆరింటికి ఆరు పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆఖరుది ఒక ముసలి ఆడపిల్లి. పదకొండుసార్లు బోను గుమ్మం దాకా వచ్చి, మెడ సాచి చేప వాసన చూసి వెళ్లిపోయింది. పన్నెండోసారి పిన్నిగారు బోను పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిస్తే లోపలికి నడిచింది. ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు మా దగ్గర ఐదున్నాయి, ఒకటి కారు కింద పడి పోయింది. మొదటి పనిలో రాసుకున్న కాగితం పారేయకండి. నెలకోసారి తిండి వేళకు వెళ్లి కొత్త మొహం ఏదైనా వచ్చిందేమో చూసి, వస్తే ముందు దాని ఎడమ చెవి చూడండి. కొస తిన్నగా ఉంటే సరే. మొనదేలి ఉంటే, మర్నాడే డాక్టరుకు ఫోన్ చేసి, బోనును మళ్లీ అక్కడ పెట్టి, తలుపు పైకి కట్టండి.